పదిహేడు నిమిషాలు

పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం నా పని. విజయనగరంలో గంటస్తంభం దగ్గర సందులో మా స్టూడియో ఉంది. మా ఆయన, మా మరిది కెమెరాలు పట్టుకుని మండపాలకి వెళ్తారు. నేను వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుంటాను. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వచ్చాయంటే టేబుల్ మీద హార్డ్‌డిస్కులు కుప్పలు పడతాయి. ఒక్కో పెళ్లికి గంటల కొద్దీ ఫుటేజీ. దాన్ని ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేంతకి దించాలి. అందుకే ఏ సినిమాలోనైనా ఎడిటింగ్ బాగుందంటే వెతుక్కుని మరీ చూస్తాను. అలా చూసినవాటిలో నన్ను ఇప్పటికీ వదలనిది అమెరికన్ దర్శకుడు, నటుడు ఆర్సన్ వెల్స్ తీసిన ‘ఎఫ్ ఫర్ ఫేక్’. 1973లో తయారైంది, గంటన్నర లోపే ఉంటుంది. కళలో మోసం గురించిన డాక్యుమెంటరీ అని దానికి పేరు. కథ మొత్తం ఇక్కడ చెప్పేస్తున్నాను. ముందు సినిమా చూడాలనుకునేవాళ్లు చూసి వచ్చాకే ఇది చదవండి.

మొదట ఒక రైల్వే స్టేషన్. నల్ల టోపీ, నల్ల అంగీ వేసుకున్న వెల్స్ ఒక చిన్న పిల్లాడి ముందు గారడీ చేస్తుంటాడు. తాళంచెవి నాణెం అవుతుంది. పక్కనే షూటింగ్ చేస్తున్న కెమెరా, మనుషులు కూడా కనబడుతూనే ఉంటారు, దాచడు. తాను మాయలోణ్ణేనని చెప్పుకుని, ఆ తర్వాత కాసేపటికి మనకి ఒక మాట ఇస్తాడు. రాబోయే గంటసేపు మీరు వినేదంతా నిజం, ఆధారాలున్న నిజం అని. ఈ మాట గుర్తుంచుకోండి.

సినిమాలో ముఖ్యంగా కనిపించే మనిషి ఎల్మీర్ డి హోరీ. హంగరీలో పుట్టి, స్పెయిన్‌లోని ఇబీసా ద్వీపంలో స్థిరపడినవాడు. మాటీస్, మొదిల్యానీ, పికాసో వంటి పేరున్న చిత్రకారుల తీరులో బొమ్మలు వేసేవాడు. ఉన్న బొమ్మని పక్కన పెట్టుకుని దించడం ఆయన పద్ధతి కాదు. మాటీస్ వేసి ఉండగలిగినది, కానీ వేయనిది, అలాంటి కొత్త బొమ్మ వేసేవాడు. డీలర్లు వాటిని అసలువని చెప్పి పెద్ద పెద్దవాళ్లకి అంటగట్టేవారు. టెక్సస్ చమురు వ్యాపారి ఆల్గర్ మెడోస్ ఇంట్లో ఇలాంటివి చాలా చేరాయి, 1967లో గుట్టు బయటపడింది. ఎల్మీర్ తనది గొప్ప వంశమని చెప్పుకునేవాడు. తర్వాత వెతికినవాళ్లకి బుడాపెస్ట్‌లోని మధ్యతరగతి యూదు కుటుంబం తేలింది. అంటే తన పుట్టుకని కూడా తనే గీసుకున్నాడు.

అతని జీవితకథ రాసిన మనిషి క్లిఫర్డ్ ఇర్వింగ్, ఇబీసాలోనే ఉండే అమెరికన్ రచయిత. ఆ పుస్తకం 1969లో వచ్చింది. ఇంత దొంగ గురించి రాసిన పెద్దమనిషి తర్వాత ఏం చేశాడంటే, ఎవరికీ కనబడకుండా దాక్కుని బతికే కోటీశ్వరుడు హవర్డ్ హ్యూస్ తన ఆత్మకథని నాకు చెప్పి రాయించాడంటూ న్యూయార్క్‌లోని మెక్‌గ్రా-హిల్ ప్రచురణ సంస్థని నమ్మించాడు. హ్యూస్ రాసినట్టు ఉత్తరాలు తనే రాశాడు. చేతిరాత నిపుణులు వాటిని పరిశీలించి హ్యూస్ చేతిరాతే అన్నారు! హ్యూస్ పేరు మీద వచ్చిన చెక్కుల్ని ఇర్వింగ్ భార్య స్విట్జర్లాండ్ బ్యాంకులో హెల్గా హ్యూస్ అన్న దొంగపేరుతో వేసుకుంది. చివరికి 1972 జనవరి 7న హ్యూస్ ఫోన్‌లో విలేకరులతో మాట్లాడి, ఆ మనిషెవరో నాకు తెలీదు అన్నాడు. ఇర్వింగ్ జైలుకెళ్లాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఎల్మీర్, ఇర్వింగ్‌ల ఫుటేజీ చాలావరకు వెల్స్ తీసింది కాదు. ఫ్రాన్స్వా రైషెన్‌బాక్ అనే ఫ్రెంచి దర్శకుడు ఎల్మీర్ మీద టీవీ డాక్యుమెంటరీ కోసం అంతకు ముందే తీసి పెట్టుకున్నది. వెల్స్ దాన్ని తీసుకుని ఎడిటింగ్ మొదలుపెట్టాడు. ఇంతలో ఇర్వింగ్ గొడవ బద్దలైంది. దొంగ గురించి చెప్పే సాక్షి అనుకున్నవాడే దొంగ అయ్యాడు. పాత ఫుటేజీలో ఇర్వింగ్ మొహం మీద కనిపించిన ప్రతి నవ్వుకీ, ప్రతి తడబాటుకీ కొత్త అర్థం వచ్చేసింది. ఒక్క ఫ్రేమ్ కొత్తగా తీయకుండానే!

ఎడిటింగ్ చేసేవాళ్లకి ఇది ఎంత ఆశ్చర్యమో చెప్పలేను. వెల్స్ కూడా సినిమాలో చాలాసార్లు ఫిల్మ్ రీళ్ల మధ్య, ఎడిటింగ్ టేబుల్ ముందే కూర్చుని కనిపిస్తాడు. రీలు ఆపుతాడు, వెనక్కి తిప్పుతాడు, మళ్లీ చూడండంటాడు. ఒకచోట ఎల్మీర్ తన బొమ్మల మీద తానెప్పుడూ సంతకం పెట్టలేదంటాడు. ఇది చిన్న విషయం కాదు. ఒకరి తీరులో బొమ్మ వేస్తే నేరం కాదు, వాళ్ల సంతకం పెట్టి అమ్మితేనే నేరం. ఆ మాట అయ్యీ అవగానే ఇర్వింగ్ మొహం. భుజం మీద ఒక చిన్న కోతి. ఇర్వింగ్ ఆ మాట ఒప్పుకోడు. మళ్లీ ఎల్మీర్ మొహం, మాట లేదు. మళ్లీ ఇర్వింగ్, మాట లేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటున్నారని మనం ఒట్టేసి చెబుతాం. కానీ వాళ్లిద్దరినీ విడివిడిగా తీశారు. ఆ మౌనం, ఆ చూపులు, మధ్యలో ఆ ఉక్కిరిబిక్కిరి, అంతా కత్తెర పుట్టించినదే.

మేం రోజూ చేసేది ఇదే. జీలకర్ర-బెల్లం సమయానికి పెళ్లికూతురు తల్లి మొహం తీయడం కుదరదు. ఆవిడ చుట్టూ జనం, అడ్డంగా పురోహితుడి చెయ్యి. అప్పగింతల దగ్గర తీసిన ఆవిడ కన్నీళ్లని తెచ్చి జీలకర్ర-బెల్లం పక్కన పెడతాను. చూసినవాళ్లంతా ‘అబ్బ, ఆ క్షణాన్ని ఎంత బాగా పట్టారండీ’ అంటారు. ఆవిడ ఏడ్చింది నిజం. కూతురి కోసమే ఏడ్చిందీ నిజమే. ఆ నిమిషానికి కాదు, అంతే. పెళ్లి వీడియోలో ఇంత మాత్రం కూడా కలపకూడదంటే, చివరికి మిగిలేది సీసీటీవీ.

సినిమాలో నాకు నచ్చని భాగం కూడా ఎడిటింగ్‌దే. మొదట్లో ఓయా కోదార్ అనే అందమైన అమ్మాయి పొట్టి గౌను వేసుకుని వీధిలో నడుస్తుంటే మగాళ్లు చూపులు తిప్పుకోలేకపోవడం. ఓయా వెల్స్‌కి జీవితంలోనూ తోడుగా ఉన్న మనిషి, నటి, శిల్పి. దాచిన కెమెరాతో ఆ మగాళ్లని తీశామని వెల్స్ సరదాగా చెబుతాడు. ఆమె శరీరం మీద కెమెరా అంతసేపు తిరగడం చూస్తే నాకు చిరాకేసింది. ఆ మగాళ్లనయినా అడగకుండా తీసి నలుగురిలో పెట్టడం ఏం న్యాయం? రెండోసారి చూసినప్పుడు మాత్రం ఇంకో సంగతి కనబడింది. ఒకడు బస్సు కోసం చూస్తున్నాడో, స్నేహితుడి కోసం చూస్తున్నాడో మనకేం తెలుసు? చూపు తర్వాత ఓయాని అతికిస్తే అది ఓయా మీద చూపయిపోతుంది. మరి ఎవడు దోషి, చూసినవాడా, అతికించినవాడా? ఇదే ఎత్తు సినిమా చివర్లో పికాసో మీద వాడతాడు. అక్కడికి వస్తాను.

పోతే, నకిలీ పనికి వెల్స్ కొత్తవాడేం కాదు. పదహారేళ్లప్పుడు ఐర్లండ్ వెళ్లి, డబ్లిన్‌లోని గేట్ థియేటర్ వాళ్లకి తాను న్యూయార్క్‌లో పేరున్న నటుణ్ణని చెప్పి వేషం సంపాదించాడు. 1938 అక్టోబర్ 30న అంగారకవాసులు దిగారన్న నాటకాన్ని వార్తల బులెటిన్‌లా రేడియోలో వేసి గగ్గోలు పుట్టించాడు. జనం భయపడినదాని కంటే పత్రికలు పెంచి రాసిందే ఎక్కువని తర్వాత పరిశోధకులు తేల్చారు. అతని మొదటి సినిమా ‘సిటిజన్ కేన్’, 1941. అందులో మొదట్లో వచ్చే న్యూస్‌రీల్ ఉందే, అది పాతదిగా కనిపించాలని ఎడిటర్ ఫిల్మ్‌ని నేలకేసి ఈడ్చి గీతలు పడేలా చేశాడు. ఇప్పుడు మా దగ్గరికి వచ్చే పెళ్లికొడుకులు ‘అక్కా, పాత సినిమా లుక్ కావాలి’ అంటారు. ఒక్క క్లిక్‌తో గీతలు, మరకలు, వణుకు వేసేస్తాను. ఆ లుక్ మూలం ఎక్కడుందో ఆ సీన్ గురించి తెలిశాకే నాకు అర్థమైంది.

మా మావయ్యగారు ఫిల్మ్ కాలం ఫోటోగ్రాఫర్. ఇప్పుడు స్టూడియోకి పెద్దగా రారు కానీ ఆయన చేతి పని గురించి ఈ ఊళ్లో పాతవాళ్లకి తెలుసు. నెగటివ్‌ని లైటు పెట్టె మీద పెట్టి, సన్నగా చెక్కిన పెన్సిల్‌తో మొహం మీద మచ్చలు, ముడతలు తీసేసేవారు. దాన్ని టచింగ్ అంటారు. స్టూడియోలో మేకుకి ఒక కోటు వేలాడుతూ ఉండేది, అందరికీ అదే కోటు. వెనక తెర మీద మెట్లు, పూలకుండీలు. ఎవరైనా పెద్దాయన పోతే, ఇంట్లో ఆయనది ఒక్క ఫోటో కూడా ఉండేది కాదు. ఏ పెళ్లి గుంపులోనో వేలి గోరంత మొహం దొరికేది. దాన్ని పెద్దది చేసి, తలని కోటు వేసుకున్న ఇంకొకరి ఒంటికి కలిపి, రంగులద్ది, దండ వేసుకోవడానికి వీలుగా ఫ్రేమ్ కట్టించి ఇచ్చేవారు. జీవితంలో చొక్కా కూడా సరిగ్గా తొడుక్కోని రైతు, గోడ మీద కోటుతో కూర్చునేవాడు. ఇంట్లోవాళ్లకి ఆ కోటు సంగతి తెలుసు. అయినా ఆ ఫోటోకే దండం పెట్టుకునేవారు.

ఎల్మీర్ ఒకచోట అంటాడు, మాటీస్ గీత నా గీతంత నిబ్బరంగా ఉండదు, ఆయన ఆగి ఆగి గీసేవాడు, అలా కనబడాలంటే నేనూ కావాలని తడబడాలి అని. అలా అంటూనే ఒక బొమ్మ చకచకా గీసి, గీసినదాన్ని తీసుకెళ్లి మంటలో పడేస్తాడు. ఆ మాట వింటే నాకు మా పుట్టిల్లు పొందూరు గుర్తొచ్చింది. మా అమ్మమ్మ నూలు వడికేది. కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, ఏకు చేసి, రాట్నం మీద తీసే సన్నటి నూలు. చేతి నూలు ఎంత సన్నగా తీసినా ఎక్కడో ఒకచోట కాస్త లావవుతుంది, ఒకచోట సన్నబడుతుంది. మిల్లు నూలుకి ఆ ఎగుడుదిగుడు ఉండదు. ఒకసారి మా మేనమామ వేరే ఊళ్లో ఒక పెద్ద కొట్లో ‘అసలు పొందూరు ఖద్దరు’ అని బోర్డు చూసి ధోవతి కొనుక్కొచ్చాడు. అమ్మమ్మ అంచు పట్టుకుని రెండు వేళ్ల మధ్య ఇలా జరిపి, ‘ఏటిరా ఇది? ఇది సేతి నూలు కాదు. ఎవడో నీకు పేరు అమ్మీసినాడు’ అంది. బిల్లు మీద ముద్ర ఉందని మామయ్య వాదించాడు. ‘ముద్ర కట్టుకుంతావా, పంచె కట్టుకుంతావా?’ అని రాట్నం దగ్గరికి పోయింది.

ఈ సినిమాలో వెల్స్‌కి నిపుణులంటే అస్సలు గౌరవం లేదు. అసలేదో నకిలీ ఏదో చెప్పే కొత్త పూజారులు వాళ్లేనని, వాళ్లు లేకపోతే నకిలీలే ఉండవని అతని వాదన. ఎల్మీర్ బొమ్మలు మ్యూజియం గోడల మీద వేలాడాయి, హ్యూస్ ఉత్తరాలు నిపుణుల చేతుల్లో పాసయ్యాయి కాబట్టి ఆ వాదనకి బలం ఉంది. కానీ నాకు పూర్తిగా ఒప్పుదల కాలేదు. వెల్స్ ఎగతాళి చేసినవాళ్లు సంతకం చూసి, కాగితం చూసి, ధర చూసి చెప్పేవాళ్లు. మా అమ్మమ్మ లాంటివాళ్లని అతను సినిమాలోకి రానివ్వలేదు. ఆ పని జీవితమంతా చేసినవాళ్లకి, ఆ మనిషితో జీవితమంతా బతికినవాళ్లకి తెలిసేది వేరే రకం తెలివి. ఎల్మీర్ వాళ్లని మోసం చేయగలిగేవాడా అన్న ప్రశ్న సినిమా వేయదు.

గంట గడిచాక ఓయా కథ వస్తుంది. ఒక వేసవిలో పికాసో తూసాన్ అనే పల్లెటూళ్లో ఉంటాడు. ఓయా రోజూ ఆయన కిటికీ ముందు నుంచి నడిచి వెళ్తుంటుంది. కిటికీ చెక్కల సందుల్లోంచి పికాసో చూపు. చివరికి ఆమెని కూర్చోబెట్టి ఇరవై రెండు బొమ్మలు వేస్తాడు. ఆ బొమ్మలన్నీ తనకే ఇవ్వాలని ఆమె షరతు. తర్వాత పారిస్‌లో పికాసో కొత్త బొమ్మల ప్రదర్శన అని పత్రికల్లో చూసి పికాసో మండిపడుతూ వెళ్తాడు. తీరా చూస్తే అక్కడున్న ఇరవై రెండింట్లో ఒక్కటీ తను వేసింది కాదు. అవి ఓయా తాతగారు వేసినవి. ఆ ముసలాయన మంచాన ఉన్నాడు, జీవితమంతా నకిలీలు వేసినవాడు. పికాసోకీ ఆయనకీ మధ్య జరిగిన మాటల్ని వెల్స్, ఓయా నటించి చూపిస్తారు. పికాసోకి ఒక కొత్త కాలాన్నే సృష్టించి ఇచ్చాను కదా అంటాడు తాత. నా బొమ్మలు నాకివ్వు అంటాడు పికాసో. వాటిని కాల్చేశాను అంటాడు తాత. గుండె బరువెక్కుతుంది ఆ సీన్‌లో.

అప్పుడు వెల్స్ మనవైపు తిరిగి చెబుతాడు. గంటసేపు నిజమే చెబుతానన్నాను, ఆ గంట ఎప్పుడో అయిపోయింది. పదిహేడు నిమిషాలుగా చెబుతున్నదంతా అబద్ధం! తాత లేడు, బొమ్మలు లేవు. కిటికీలో పికాసో అంటే వేరే ఎప్పుడో తీసిన ఫోటోలు. వాటి ముందు చెక్కల సందులు, వాటి తర్వాత ఓయా నడక, అంతే. మొదట వీధిలో మగాళ్లతో చేసిందే మళ్లీ చేశాడు. అప్పుడు గమనించలేదు కాబట్టి మనం మళ్లీ పడ్డాం.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. కోపం రాలేదు. ఇది నాకు ముందే తెలిసిన ఆనందం అనిపించింది. చిన్నప్పుడు పొందూరులో సంక్రాంతి ముందు పగటి వేషగాళ్లు వచ్చేవారు. మా తాతయ్య కిరాణా కొట్టుకి ఒకసారి ఖాకీ బట్టల్లో తూనికలు-కొలతల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తూకంరాళ్లు తిరగేసి చూశాడు, త్రాసు పట్టి చూశాడు, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తాతయ్యకి ఒకటే టెన్షన్. సోడా తెప్పించాడు, కుర్చీ వేయించాడు. ఆయన సోడా తాగి, మళ్లీ వస్తానని గట్టిగా చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు ఒక కోయదొర, ఆ మర్నాడు ఒక సాధువు. ఆఖరి రోజున హార్మోనియంతో దండు మొత్తం కొట్టు ముందుకొచ్చింది. నవ్వుకుంటూ ‘బాబూ, ఆ ఇన్‌స్పెట్రుని నానే బాబూ’ అన్నాడు ఒకతను. అన్ని రోజులూ వచ్చిన వేషాలన్నీ అతనివే. తాతయ్య నెత్తి కొట్టుకుని నవ్వి, కుంచం నిండా బియ్యం, మీద డబ్బులు పెట్టాడు. ఆఖరి రోజు చెప్పకపోతే అతను మోసగాడు. చెప్పాడు కాబట్టి కళాకారుడు. వచ్చి విప్పి చూపించడంతో సహా అంతా కలిపి ఒక్క ఆట, ఆ ఆటకే బియ్యం.

మా ఊరి నాటకం సంగతి కూడా ఇక్కడే గుర్తొచ్చింది. ‘కన్యాశుల్కం’ 1892లో విజయనగరంలోనే తొలిసారి ఆడారు. అందులో కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లుకి పెళ్లికూతురని అంటగడతాడు. కానీ అక్కడ గురజాడ ప్రేక్షకుణ్ణి మొదటినుంచీ తన పక్కనే కూర్చోబెట్టుకుంటాడు. మోసపోయేది లుబ్ధావధాన్లే, మనం కాదు. వెల్స్ మనల్నే లుబ్ధావధాన్లు సీట్లో కూర్చోబెట్టాడు. ఆ సీట్లో కూర్చుంటే ఎలా ఉంటుందో తెలిశాక, నేను ఎవరిని ఆ సీట్లో కూర్చోబెడుతున్నానో చూసుకోవడం మొదలైంది.

వెల్స్ లెక్క మాత్రం పూర్తిగా చక్కగా లేదు. నిజమే చెబుతానన్న ఆ గంటలోనే అంగారకవాసుల రేడియో నాటకం ముక్కలంటూ వినిపిస్తాడు. అవి అసలు ప్రసారంలోవి కావు, సినిమా కోసం కల్పించినవి. ఇది తెలిసినప్పుడు నాకు బాధేసింది. చివర విప్పి చూపించినవాడు ఇది ఒక్కటి విప్పకుండా జేబులో ఎందుకు ఉంచుకున్నట్టు? కొందరు దీన్ని కూడా ఆటలో భాగమని మెచ్చుకుంటారు. నేను మెచ్చుకోలేను. హద్దు గీసినవాడు హద్దు దాటితే ఆ విషయం కూడా చెప్పాలి.

ఇదంతా నాకు ఇంత ముఖ్యం ఎందుకంటే, ఇప్పుడు మా దగ్గరికి కొత్త రకం పని వస్తోంది. చనిపోయిన తండ్రి పెళ్లిలో అక్షింతలు వేస్తున్నట్టు వీడియో చేసి ఇమ్మంటారు. పాత ఫోటో ఒక్కటి ఇస్తే కంప్యూటరే ఏఐతో కదిలిస్తుంది. మావయ్యగారు కోటు అతికించినదానికి ఇది కొనసాగింపే. కానీ కోటు ఫోటో చూస్తే అతుకు ఎక్కడుందో కనబడేది. దీనికి అతుకు కనబడదు.

గజపతినగరం వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. కూతురి పెళ్లి వీడియోలో నాన్న ఉండాలి. చేశాం. చూపించడానికి తల్లిని పిలిచాను. పెళ్లికూతురు, ఆమె అన్నయ్య కళ్లు తుడుచుకుంటున్నారు. తల్లి మాత్రం కదలకుండా చూసి, ‘ఈయన మా ఆయన కాదమ్మా’ అంది. నేను ఫోటో పక్కన పెట్టి చూపించాను, అదే మొహం. ‘మొహం ఆయనదేనమ్మా. మా ఆయన పళ్లు కనబడేలా నవ్వరు. ముందు పన్ను విరిగింది కదా, ముప్ఫై ఏళ్లూ మూతి బిగబట్టే నవ్వారు’ అంది. ఇచ్చిన ఫోటోలో ఆయన నవ్వనే లేదు. కంప్యూటర్ తనకి తోచిన నవ్వు వేసేసింది, వరుస పళ్లతో. అన్ని మ్యూజియంల నిపుణులు కూర్చున్నా ఆ పన్ను పట్టుకోలేరు.

మూతి బిగించిన నవ్వు వచ్చేదాకా మళ్లీ మళ్లీ చేశాం. వచ్చినప్పుడు ఆవిడ ఏమీ అనలేదు, తెర మీద చెయ్యి పెట్టింది. అప్పుడు నేను అడిగాను, ఈ దృశ్యానికి ముందు ఒక కార్డు వేస్తానమ్మా, ఆయన పోయిన సంవత్సరం, ఇది మేం కల్పించిన దృశ్యమని రెండు ముక్కలు రాసి అని. కొడుక్కి నచ్చలేదు. ‘మాకు తెలుసు కదండీ, మళ్లీ రాయడమెందుకు? మూడంతా పోతుంది’ అన్నాడు. మా మరిది కూడా వాళ్ల వైపే. ‘వదినా, డబ్బులిచ్చేది వాళ్లు’ అని పక్కకి పిలిచి చెప్పాడు. తల్లి కాసేపు ఆలోచించి, ‘రాయమ్మా. రేపు దీని పిల్లలు చూస్తే తాత పెళ్లికి వచ్చాడనే అనుకుంటారు. ఆయన రాలేకపోయారు. అది కూడా వాళ్లకి తెలియాలి’ అంది. అప్పటినుంచి అలాంటి ప్రతి వీడియోకి కార్డు వేస్తున్నాను. వద్దన్నవాళ్లు వేరే స్టూడియోకి వెళ్లారు. మా ఆయన ఆ విషయంలో నన్ను ఒక్క మాట అనలేదు.

ఈ సినిమాలో అందరూ గొప్పగా చెప్పే భాగం ఒకటుంది, ఫ్రాన్స్‌లోని షార్త్ర్ చర్చి. సందెవేళ ఆ రాతి కట్టడం కనిపిస్తుంటే వెల్స్ గొంతు వినబడుతుంది. మనిషి కట్టినవాటిలో ఇది అన్నిటికన్నా గొప్పది కావచ్చు, దీని మీద సంతకం లేదు, బహుశా మనిషి పేరుకి అంత విలువ లేదేమో అంటాడు. ఆ గొంతులో నిజమైన బరువుంది. నాకు వెంటనే శ్రీముఖలింగం గుర్తొచ్చింది. వంశధార ఒడ్డున తూర్పు గాంగుల కాలం గుళ్లు. ఊళ్లోకి వెళ్తుంటే మొదట కనిపించే సోమేశ్వరాలయం గోడల మీద శిల్పాలు చూస్తూ ఎంతసేపైనా నిలబడొచ్చు. మధుకేశ్వరాలయం శాసనాల్లో అఖండ దీపాలు పెట్టించినవాళ్ల పేర్లున్నాయి. ఆ గుమ్మం లతలు చెక్కిన చెయ్యి ఎవరిదో మనకి తెలియదు.

కానీ నేను వెల్స్‌తో ఇక్కడ గొడవ పడతాను. పేరుకి విలువ లేదనడం ఆర్సన్ వెల్స్‌కి తేలిక, ఆయన పేరు అందరికీ తెలుసు. ఈ సినిమాకి ఎడిటింగ్ చేసినవాళ్లుగా పేర్లున్నవాళ్లు ఇద్దరు ఆడవాళ్లు, మారీ సోఫీ దుబ్యూ, డొమినిక్ ఎంజెరేర్. సినిమా అంతా ఎడిటింగే అని ప్రపంచం మెచ్చుకుంటుంది, మెచ్చుకునేటప్పుడు ఒక్క వెల్స్ పేరే చెబుతుంది. మా పెళ్లి వీడియోల చివర కూడా స్టూడియో పేరు, కెమెరా పేర్లు పడతాయి. ఎడిటింగ్ అని నా పేరు ఈ మధ్యే వేసుకోవడం మొదలుపెట్టాను. ముఖలింగం శిల్పికి అవకాశం ఉంటే తన పేరు చెక్కుకునేవాడేమో. పేరు పోవడం వేరు, పేరు అక్కర్లేదనుకోవడం వేరు.

ఎల్మీర్ 1976 డిసెంబర్‌లో, తనని ఫ్రాన్స్‌కి అప్పగిస్తారని తెలిసి ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత ఎల్మీర్ వేసిన నకిలీలకే గిరాకీ వచ్చింది. ఎంత గిరాకీ అంటే, ఎల్మీర్ వేశాడని చెప్పి వేరేవాళ్లు వేసినవి కూడా అమ్మకానికి వచ్చాయి. సినిమాలో అతన్ని చూస్తే నవ్వుతూ, విందులు ఇస్తూ, సిల్కు చొక్కాలతో ఉంటాడు. అయినా జీవితమంతా ఇంకొకరి చేతితో బతికిన మనిషి కళ్లు అవి. సొంత బొమ్మలు వేస్తే ఎవరూ కొనలేదన్న మాట దగ్గర అతని మీద నాకు జాలేసింది. ఆ జాలి ఆల్గర్ మెడోస్ మీద మాత్రం రాలేదు.

ప్రస్తుతం ఈ సినిమాకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను, ఇంట్లో చూడడానికే. మావయ్యగారికి ఇంగ్లీషు మాటలు అందవు. వెల్స్ అయితే ఊపిరి తీసుకోకుండా మాట్లాడతాడు, ఒక్కో వాక్యాన్ని రెండు లైన్లకి దించడం పెద్ద పనే. షార్త్ర్ భాగం ఇంకా కుదరలేదు. ఓయా కథ మాత్రం అయిపోయింది. టచింగ్ చేసిన కళ్లతో ఆయన ఆ కిటికీ చెక్కల వెనక పికాసోని చూసి, ఇవి అతికించిన ఫోటోలని ముందే పట్టేస్తారా, లేక నాలాగే ఆ తాత కోసం బాధపడతారా అన్నది చూడాలి. గంట సంగతి ఆయనకి ముందు చెప్పొద్దని మా ఆయనకీ, మరిదికీ గట్టిగా చెప్పి పెట్టాను.